భీమవరంలో నా పిజ్జా షాపు: రోజుకు 12 దాటడం లేదు, ఏం చెయ్యమంటారు?

భీమవరం_ఓవెన్
14 అక్టోబర్ 2025, రాత్రి 11:52

అందరికీ నమస్కారం అండి. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ఇవాళ గల్లాపెట్టె లెక్క చూసుకున్నాక ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది.

జువ్వలపాలెం రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక వీధిలో నాకు చిన్న పిజ్జా షాపు ఉంది. 2024 ఫిబ్రవరిలో పెట్టాను. అంతకుముందు ఆరేళ్లు హైదరాబాద్‌లో పిజ్జా కిచెన్‌లోనే చేశాను, కాబట్టి పని తెలియక కాదు. 11 లక్షలు పెట్టుబడి, అందులో మూడు లక్షలు మా అక్క బంగారం. ఇద్దరు కుర్రాళ్లు, నేను. ఆరు టేబుళ్లు, ఏసీ.

మొదటి మూడు నెలలు కొత్త కదా అని బాగానే వచ్చారు. ఇప్పుడు రోజుకు 11, 12 పిజ్జాలు. అందులో తొమ్మిది దాకా డెలివరీ యాప్‌లవే. ఆగస్టులో ఫుడ్ రీల్స్ చేసే ఒకతనికి 15 వేలు ఇచ్చాను. మూడు రోజులు జాతరలా ఉంది, నాలుగో రోజు నుంచి మళ్లీ ఈగలు. ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్నాను, అది తీసేసిన రోజే వాళ్లూ మాయం. పెద్ద కంపెనీ వాళ్ల ఆఫర్ రేట్లకు నేను ఇవ్వలేను. మెనూలో 46 రకాలు పెట్టాను, రేటింగ్ 3.9 ఉంది.

కస్టమర్లను రప్పించడానికి ఇంకేం చెయ్యాలో చెప్పండి. సంక్రాంతి దాకా చూసి మూసేద్దామా అని కూడా ఆలోచన ఉంది.

రీల్స్_రాజా
15 అక్టోబర్, ఉదయం 8:10

బ్రో, ఒక్క రీల్‌తో ఏమవుతుంది? వారానికి రెండు పడాలి. 'ఛాలెంజ్' పెట్టు. 20 అంగుళాల పిజ్జా అరగంటలో తింటే 5 వేలు. జనం వాళ్లంతట వాళ్లే వస్తారు. ఈ రోజుల్లో కనబడకపోతే లేనట్టే.

కరీంనగర్_టిఫిన్స్
15 అక్టోబర్, ఉదయం 9:02

రాజా తమ్ముడూ, ఆయన కనబడ్డడు కదా. మూడు రోజులు కనబడ్డడు, వచ్చిండ్రు, తిన్నరు, పోయిండ్రు. మళ్ల రాలేదు. ఇంకోసారి కనబడితే ఇంకో మూడు రోజులు వస్తరు. ఓటి కుండల నీళ్లు పోసినట్టే.

నేను పదేళ్ల సంది టిఫిన్ సెంటర్ నడుపుతున్న. నాకు రోజూ వచ్చే 200 మందిలో నూటయాభై మంది మొఖాలు నాకు తెలుసు. ఓవెన్ అన్నా, నీకు ఎంతమంది తెలుసు? రెండోసారి వచ్చినోళ్లు ఎందరో ముందు అది చెప్పు. తర్వాత కొత్తోళ్ల సంగతి చూద్దాం.

లెక్కల_పంతులు
15 అక్టోబర్, ఉదయం 10:35

బాబూ, నేను డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. మీరు 'రోజుకు 12' అన్నారు గానీ ఒక్కో పిజ్జా మీద ఎంత మిగులుతుందో రాయలేదు. అద్దె, జీతాలు, కరెంటు, ఒక 8 అంగుళాల పిజ్జాకు పడే సరుకు ఖర్చు, యాప్ కమీషన్, ఇవన్నీ రాయండి. దాచుకోకండి, ఇక్కడ మిమ్మల్ని ఎవరూ గుర్తుపట్టరు.

ఉండి_అమ్మాయి
15 అక్టోబర్, మధ్యాహ్నం 2:20

మాస్టారూ, నేను గుర్తుపట్టేశాను :) మాది ఉండి అనే ఊరండి, పిల్లల ట్యూషన్ కోసం రోజూ ఆ వీధిలోంచే వెళ్తాను.

ఓవెన్ గారూ, ఒక మాట చెప్తాను, ఏమీ అనుకోకండి. మీ షాపు ఉందని నాకు ఆరు నెలల దాకా తెలియదు. తెలిశాక కూడా మూసేశారనే అనుకున్నాను. గాజు తలుపుకి నల్ల ఫిల్మ్ అంటించారు, ఏసీ పోతుందని ఎప్పుడూ మూసే ఉంచుతారు. లోపల లైటు వెలుగుతోందో లేదో బయటికి తెలియదు. బోర్డు మీద ఇంగ్లీషులో సన్నగా ఏదో రాసి ఉంది, పక్కనున్న వేపచెట్టు కొమ్మ సగం కప్పేసింది. ఒకవేళ తెరిచే ఉందనుకున్నా, ఆ నల్ల అద్దం చూస్తే లోపల బిల్లు ఎంతవుతుందో అని భయం. ఇద్దరు పిల్లలతో తలుపు తోసుకుని వెళ్లి, రేటు చూసి వెనక్కి రావాలంటే సిగ్గు కదండి.

భీమవరం_ఓవెన్
15 అక్టోబర్, రాత్రి 11:30

మేడమ్, మీ మాట చదివి 9 గంటలకు రోడ్డు అవతలికి వెళ్లి నిలబడి చూశాను. 20 నెలల్లో రాత్రిపూట నా షాపును అవతలి నుంచి చూడటం ఇదే మొదటిసారి. చెప్పులు కుట్టే ఆయన్ని 'ఇక్కడ పిజ్జా షాపు ఎక్కడ' అని అడిగాను, సరదాకి. 'ఉండేది బాబూ, ఎత్తేసినట్టున్నారు' అన్నాడు. లోపల ఇద్దరు కూర్చుని తింటున్నారు అప్పుడు.

కరీంనగర్_టిఫిన్స్
15 అక్టోబర్, రాత్రి 11:41

పొద్దుగాల లేవంగనే మొదలు ఆ ఫిల్మ్ పీకెయ్ అన్నా.

భీమవరం_ఓవెన్
16 అక్టోబర్, మధ్యాహ్నం 3:15

పీకేశాను. కొమ్మ కూడా ఇంటి ఓనరు గారిని అడిగి కొట్టించాను.

పంతులు గారూ, లెక్కలు ఇవిగో. అద్దె 18 వేలు. జీతాలు 15 + 12 = 27 వేలు. కరెంటు 10 వేలు, ఎలక్ట్రిక్ ఓవెన్ కదా. చిల్లర ఖర్చులు 4 వేలు. 8 అంగుళాల వెజ్ పిజ్జా 199, పన్నుతో కలిపే. బేస్ 8 రూపాయలు, సాస్ 6, చీజ్ 80 గ్రాములకు 26, కూరగాయలు వగైరా 14, డబ్బా 9, సాచెట్లు టిష్యూలు 3. మొత్తం 66. యాప్ కమీషన్ 25 శాతం, దాని మీద జీఎస్టీ. యాప్‌లో 20 శాతం డిస్కౌంట్ నా ఖాతాలోనే పెట్టాను, లేకపోతే లిస్టులో ఎక్కడో కింద పడేస్తోంది.

లెక్కల_పంతులు
16 అక్టోబర్, సాయంత్రం 6:48

నోటుపుస్తకం తీసుకుని కూర్చున్నాను. చూడండి.

మీ స్థిర ఖర్చు నెలకు 59 వేలు, అంటే రోజుకు దాదాపు 1,967. షాపులో అమ్మిన 199లో 5 శాతం పన్ను తీస్తే 189.50. సరుకు 66 పోతే 123 చిల్లర మిగులుతుంది. అదే పిజ్జా యాప్‌లో డిస్కౌంట్ పోను 159. అందులో 25 శాతం కమీషన్, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 47. మీకు వచ్చేది 112, సరుకు పోతే 46. యాప్ ఆర్డర్ల మీద ఆ 5 శాతం పన్ను 2022 జనవరి నుంచి యాప్ వాళ్లే కడుతున్నారు కాబట్టి అది కలపలేదు.

అంటే షాపు దగ్గర అమ్మిన ఒక పిజ్జా, యాప్‌లో అమ్మిన రెండున్నర పిజ్జాలతో సమానం. అన్నీ నేరుగా అమ్మితే రోజుకు 16తో గట్టెక్కుతారు. అన్నీ యాప్‌లోనే అమ్మితే 43 కావాలి. ఇప్పుడు మూడు నేరుగా, తొమ్మిది యాప్‌లో. మిగిలేది రోజుకు 783. కూల్‌డ్రింకుల మీద ఓ 250 వేసుకున్నా రోజుకు సుమారు 930 చేతి డబ్బు పోతోంది. మీ జీతం ఇందులో లేనే లేదు.

'కస్టమర్లు ఎక్కువ కావాలి' అని అడిగారు. మీకు కావలసింది ఒక 10, 12 మంది. వాళ్లు మీ గుమ్మం ఎక్కి రావాలి, లేదా మీ ఫోన్‌కు చెయ్యాలి. అంతే.

పులిసిన_పిండి
16 అక్టోబర్, రాత్రి 9:05

తెనాలిలో బేకరీ మాది, 22 ఏళ్ల నుంచి. ఆ లెక్కలో ఒక అంకె నాకు గుచ్చుకుంది. 80 గ్రాముల మోజరెల్లా 26 రూపాయలకు రాదు బాబూ. కిలో 430 ఉంది, 34 పడాలి. ఏం కలుపుతున్నావు?

భీమవరం_ఓవెన్
16 అక్టోబర్, రాత్రి 9:40

దొరికిపోయాను. సగం అనలాగ్ అండి. కిలో 220. మార్చి నుంచి కలుపుతున్నాను. వేడి మీద తేడా తెలియదు కదా అని.

పులిసిన_పిండి
16 అక్టోబర్, రాత్రి 10:30

వేడి మీద తెలియదు. పది నిమిషాల తర్వాత తెలుస్తుంది. నీ అమ్మకాలు ముప్పావు వంతు డబ్బాలో పెట్టి పంపేవే, అవి తినేసరికి పావుగంట దాటుతుంది. అనలాగ్ అంటే వెజిటబుల్ ఆయిల్, స్టార్చ్. చల్లారగానే రబ్బరు పొరలా బిగుసుకుంటుంది. ఇంకో సంగతి, దాన్ని మెనూలో 'చీజ్' అని రాయకూడదు, ఆహార భద్రత నిబంధనలు ఒప్పుకోవు. ఒక పిజ్జాకు 8 రూపాయలు మిగిల్చుకుంటున్నావు. ఆ 8 కోసం మనిషిని పోగొట్టుకుంటున్నావు.

పనిలో పనిగా నీ చీజ్ బిల్లు తీసి చూడు. సెప్టెంబర్ 22 నుంచి చీజ్ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. రెస్టారెంటు 5 శాతం పద్ధతిలో ఉన్నవాళ్లకు ఆ పన్ను వెనక్కి రాదు, కాబట్టి తగ్గిందంతా నీకు లాభమే. 430 అన్నది పాత రేటైతే ఇప్పుడు 403 ఉండాలి. డీలర్ తగ్గించాడా?

ఇక పిండి సంగతి. ఎప్పుడు కలుపుతావు, ఈస్ట్ ఎంత?

భీమవరం_ఓవెన్
16 అక్టోబర్, రాత్రి 10:52

తగ్గించలేదు బాబాయ్. రేపే అడుగుతాను.

పిండి మధ్యాహ్నం రెండింటికి కలుపుతాం, నాలుగున్నరకి వాడతాం. కిలో మైదాకు ఈస్ట్ 12 గ్రాములు. హైదరాబాద్‌లో ముందురోజు కలిపేవాళ్లం. ఇక్కడ ఫ్రిజ్ చిన్నది, కరెంటు పోతుందని మానేశాను.

పులిసిన_పిండి
16 అక్టోబర్, రాత్రి 11:20

అనుకున్నాను. రెండున్నర గంటల్లో పొంగింది ఈస్ట్ బలంతో, పులవలేదు. అందుకే చల్లారితే అట్టముక్క.

ఇలా చేసి చూడు. కిలో మైదా, 600 మిల్లీలీటర్ల చల్లటి నీళ్లు (ఫ్రిజ్ నీళ్లే, మన వేడికి కుళాయి నీళ్లు పనికిరావు), 20 గ్రాముల ఉప్పు, 30 గ్రాముల నూనె, ఇన్‌స్టంట్ ఈస్ట్ మాత్రం రెండు మూడు గ్రాములే. కలిపి, 180 గ్రాముల ముద్దలు చేసి, మూత ఉన్న ట్రేల్లో పెట్టి 24 గంటలు ఫ్రిజ్‌లో. తొమ్మిది ముద్దలు వస్తాయి. వాడే ముందు ముప్పావుగంట బయట పెట్టు, ఎండాకాలం అయితే అరగంట చాలు. ఓవెన్ రాయి కనీసం 45 నిమిషాలు కాలాలి. వేడెక్కిందని ఓవెన్ లైటు ఆరిపోగానే పిజ్జా పెట్టేస్తారు, గాలి వేడెక్కుతుంది గానీ రాయి వేడెక్కదు, అడుగు తెల్లగా ఉండిపోతుంది.

డబ్బాలో పెట్టగానే మూత వెయ్యొద్దు. ఒక నిమిషం జాలీ మీద ఉంచి, ఆవిరి పోయాక పెట్టు. డబ్బా పక్కల రంధ్రాలు మూసుకుని ఉంటే వేలితో పొడువు, చాలామంది అవి డిజైన్ అనుకుంటారు.

రీల్స్_రాజా
17 అక్టోబర్, ఉదయం 7:55

అంకుల్స్, ఇది కుకింగ్ క్లాస్ అయిపోయింది. అడిగింది మార్కెటింగ్.

కరీంనగర్_టిఫిన్స్
17 అక్టోబర్, ఉదయం 8:20

గదే మార్కెటింగ్ తమ్మీ.

హాస్టల్_బి_బ్లాక్
17 అక్టోబర్, ఉదయం 11:05

భీమవరం ఇంజనీరింగ్ కుర్రోణ్ణి. మా పరిస్థితి చెప్తా అన్నా. నెలాఖరున జేబులో 60 రూపాయలు ఉంటాయి. 199 అంటే నలుగురం కలవాలి. నలుగురం కలిస్తే బిర్యానీకి పోతాం, పిజ్జాకి రాం. 50 రూపాయల్లో ఏదైనా ఉంటే ఒక్కణ్ణే వస్తా.

ఎడిసన్_బావ
17 అక్టోబర్, మధ్యాహ్నం 1:30

న్యూజెర్సీ నుంచి. ఇక్కడ వీధి చివర పిజ్జా షాపులు మధ్యాహ్నం పూట ముక్కల మీదే నడుస్తాయి. పెద్ద పిజ్జా చేసి అద్దాల్లో పెడతారు. వచ్చినవాడు వేలు చూపిస్తాడు, రెండు నిమిషాలు ఓవెన్‌లో వేసి కాగితం పళ్లెంలో ఇస్తారు. ఆర్డర్ చేసి పదిహేను నిమిషాలు కూర్చోనక్కర్లేదు. మన దగ్గర పునుగుల బండి పద్ధతి అనుకోండి. 14 అంగుళాలది చేసి ఎనిమిది ముక్కలు కోసి 49కి ఇస్తే?

లెక్కల_పంతులు
17 అక్టోబర్, మధ్యాహ్నం 3:10

8 అంగుళాలకూ 14 అంగుళాలకూ విస్తీర్ణంలో మూడు రెట్లు తేడా. డబ్బా, సాచెట్లు తీసేసి, అసలు చీజ్ వేసుకున్నా సరుకు 190 లోపు. ఎనిమిది ముక్కలకు 392. నాలుగు ముక్కలు పోతే అసలు వచ్చేసినట్టే, ఐదో ముక్క నుంచి లాభం. ఆలోచించదగ్గదే.

ఆ యాప్ డిస్కౌంటు కూడా తీసెయ్యండి. ఆర్డర్లు తగ్గుతాయి, తగ్గనివ్వండి. డిస్కౌంటు లేకపోతే ఒక్కోదాని మీద 70 దాకా మిగులుతుంది. డబ్బాలో 'నేరుగా ఫోన్ చేస్తే తక్కువ' అని చీటీ పెట్టేముందు మాత్రం యాప్ వాళ్లతో రాసుకున్న ఒప్పందం ఒకసారి చదవండి.

ఉండి_అమ్మాయి
17 అక్టోబర్, సాయంత్రం 5:45

ఇంకో వారంలో కార్తీకం వచ్చేస్తోంది, అది ఎవరూ మాట్లాడటం లేదు! 22 నుంచి నవంబర్ 20 దాకా. మా ఇంట్లో నెలంతా నీచు ఉండదు, సోమవారాలు ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. మా వీధిలో నలుగురు అయ్యప్ప మాల వేస్తారు. ఆ నెలలో పిల్లలు బయట తిండి అడిగితే ఎక్కడికి తీసుకెళ్లాలో తెలియదు. అన్నిచోట్లా చికెన్ కోసిన కత్తితోనే కూరగాయలూ కోస్తారని భయం. సోమారామం దర్శనానికి గునుపూడి వచ్చే జనం ఎంతమంది ఉంటారో మీకు తెలియనిదా?

కరీంనగర్_టిఫిన్స్
17 అక్టోబర్, సాయంత్రం 6:02

అక్క మంచి మాట చెప్పింది. కానీ అన్నా, బోర్డు రాసి ఊకుంటే కాదు, నిజంగ చెయ్యాలె. ఒక్కసారి మాటపోతే మళ్ల రాదు.

పులిసిన_పిండి
17 అక్టోబర్, సాయంత్రం 6:40

అవును. డబ్బా సాస్‌లో వెల్లుల్లి ఉంటుంది, చాలావాటిలో ఉల్లి పొడీ ఉంటుంది. మీద చల్లుకునే ఓరెగానో సాచెట్లలో కూడా ఉండొచ్చు, వెనక చదువు. సాస్ నువ్వే చేసుకో. టమాటా, ఉప్పు, మిరియాలు, ఎండు బేసిల్ (పిజ్జాలో వాడే తులసి) ఆకు, చిటికెడు పంచదార. సోమవారాలు చికెన్ లోపలికే రానివ్వకు. ఆదివారం రాత్రే ఓవెన్ రాయి గీకి కడిగి, ట్రేలు, కటర్లు కొత్తవి వేరే పెట్టు.

భీమవరం_ఓవెన్
26 అక్టోబర్, రాత్రి 11:15

పది రోజుల సంగతులు.

ముందు కరీంనగర్ అన్న అడిగిన ప్రశ్న. నేరుగా ఆర్డర్ చేసినవాళ్ల ఫోన్ నంబర్లు బిల్లు పుస్తకాల్లో ఉన్నాయి. కుర్రాళ్లతో కలిసి రెండు రాత్రులు కూర్చుని ఏరాను. మొత్తం 640 మంది. రెండోసారి కనబడిన నంబర్లు 71. చూశాక కాసేపు మాట రాలేదు. 569 మంది నా పిజ్జా ఒకసారి తిని ఊరుకున్నారు. నేనేమో ఊళ్లోవాళ్లకు నా షాపు తెలియదనుకుంటూ 15 వేలు పోసి ఇంకా కొత్తవాళ్లను పిలిచాను.

వాళ్లలో 30 మందికి ఫోన్ చేశాను. అమ్మడానికి కాదు, 'ఏం నచ్చలేదో చెప్పండి' అని. తొమ్మిది మందికి నా షాపే గుర్తులేదు. ఏడుగురు ఆలస్యం అన్నారు. ఆరుగురు, ఇంటికి తీసుకెళ్లేసరికి గట్టిపడిపోయిందన్నారు, బాబాయ్ చెప్పిన మాటే. నలుగురు మూసేశారనుకున్నామన్నారు. మిగతా నలుగురూ ఏమీ చెప్పకుండా 'వస్తాంలే' అన్నారు. ఒకాయన మాత్రం పది నిమిషాలు తిట్టాడు, చివర్లో 'ఫోన్ చేసి అడిగావు, అది బాగుంది' అన్నాడు.

ఆలస్యం ఎందుకో చూశాను. 46 రకాలకు 31 రకాల టాపింగ్‌లు, ఏది ఎక్కడుందో కుర్రాడు వెతుక్కుంటున్నాడు. మెనూ 14కి దించాను. తలుపు తీసే ఉంచుతున్నాం, ఏసీ ఆపేశాను, రెండు ఫ్యాన్లు. పిండి సాగదీసే బల్ల వీధి వైపుకు జరిపాను. తెలుగులో పెద్ద అక్షరాలతో రేట్లు బయటే రాయించాను. అనలాగ్ మానేశాను. డీలర్ రేటు తగ్గించనన్నాడు, వేరే ఊరి నుంచి 405కి తెప్పిస్తున్నాను. యాప్‌లో డిస్కౌంటు తీసేశాను.

ముక్కల పిజ్జా ఘోరంగా తన్నింది. సాయంత్రం నాలుగుకి పెట్టాను, రోజుకు రెండు ముక్కలు పోవడం గగనం. మిగిలినవి మేమే తింటున్నాం.

రేపు మొదటి కార్తీక సోమవారం. తుఫాను అంటున్నారు.

హాస్టల్_బి_బ్లాక్
27 అక్టోబర్, ఉదయం 9:30

అన్నా, నాలుగింటికి మేం ల్యాబ్‌లో ఉంటాం. డే స్కాలర్లు నాలుగున్నరకి కాలేజీ బస్సు ఎక్కేస్తారు. మేం రోడ్డు మీదకొచ్చేది ఆరు తర్వాత. నన్ను అడిగుంటే చెప్పేవాణ్ణి కదా.

భీమవరం_ఓవెన్
31 అక్టోబర్, సాయంత్రం 4:05

మొంథా తుఫాను 28 రాత్రి నరసాపురం దగ్గరే తీరం దాటింది. మాకెంత దూరమో మీకు తెలుసు. సోమవారం వాన మొదలై నాలుగే పిజ్జాలు. మంగళ, బుధ, గురు షాపు లేదు. మా వీధిలో కరెంటు పోయి ఫ్రిజ్‌లో 40 ముద్దలు ఉబ్బి ట్రే మూతలు లేపేశాయి. పారబోశాను. కొత్త బోర్డు ఎగిరి పక్క సందులో పడింది. బోర్డు బాగానే ఉంది, మేకులు కొట్టాలి.

పులిసిన_పిండి
31 అక్టోబర్, సాయంత్రం 5:30

మనుషులు బాగున్నారు కదా, అది చాలు. కరెంటు భయం ఉన్నప్పుడు నాలుగైదు పెద్ద నీళ్ల సీసాలు గడ్డకట్టించి ట్రేల మధ్య పెట్టుకో. ఆరేడు గంటలు కాపాడతాయి.

ఉండి_అమ్మాయి
4 నవంబర్, రాత్రి 8:50

నిన్న సోమవారం పిల్లలతో వెళ్లాం అండి. గుమ్మం దగ్గర 'ఈ రోజు ఉల్లి, వెల్లుల్లి, మాంసం లేవు' అని రాసుంది. మా అత్తగారు నమ్మలేదు, నేరుగా వంట దగ్గరికి వెళ్లి చూశారు. అబ్బాయి ట్రేలు, కత్తులు తీసి చూపించాడు. మొత్తం చూసొచ్చి ఆవిడ 'ఒక ముక్క పెట్టండి' అన్నారు. పనీర్, మొక్కజొన్న బాగున్నాయి. సాస్‌లో మిరియాలు కాస్త ఎక్కువయ్యాయి, మా చిన్నాడు నీళ్లు తాగుతూనే ఉన్నాడు.

భీమవరం_ఓవెన్
18 నవంబర్, రాత్రి 12:10

సోమవారాల లెక్క: నవంబర్ 3న 13, 10న 22, నిన్న 26. వీటిలో యాప్‌వి మొత్తం కలిపి పదో పన్నెండో. ఆ అత్తగారు తర్వాతి వారం వాళ్ల భజన బృందాన్ని తీసుకొచ్చారు మేడమ్, మీకు తెలుసో లేదో.

ముక్కలు ఆరున్నరకు మార్చాను. రోజుకు రెండు పెద్ద పిజ్జాలు పోతున్నాయి. హాస్టల్ తమ్ముడూ, నువ్వెవరో నాకు తెలియదు గానీ వచ్చి పేరు చెప్పు, ఒక ముక్క నా లెక్కలో.

రీల్స్_రాజా
18 నవంబర్, ఉదయం 8:00

ఆ అత్తగారు వంటగది చెక్ చేసేది వీడియో తీసి పెట్టి ఉంటే లక్షల్లో పోయేది అన్నా. సీరియస్‌గా.

ఉండి_అమ్మాయి
18 నవంబర్, ఉదయం 9:15

మా అత్తగారి జోలికి రావద్దు రాజా గారూ :)

ఎడిసన్_బావ
19 నవంబర్, రాత్రి 7:20

కార్తీకం అయ్యాక ఏంటి ప్లాన్? భీమవరంలో ఉండి రొయ్యల పిజ్జా లేకపోవడం ఏంటండీ? ఇక్కడ మేం తినే రొయ్య అక్కడి చెరువుల్లోదే. ఆగస్టులో ఇక్కడ 50 శాతం సుంకం వేశాక అక్కడి రైతులు అవస్థపడుతున్నారని వింటున్నాం. సంక్రాంతికి ఊరొచ్చే మా బోటివాళ్లు దాని కోసం క్యూ కడతారు. గోంగూర పిజ్జా, ఉలవచారు పిజ్జా లాంటి ప్రయోగాలు మాత్రం వద్దు బాబూ, హైదరాబాద్‌లో ఒకసారి తిన్నాను.

పులిసిన_పిండి
19 నవంబర్, రాత్రి 8:05

పచ్చి రొయ్య నేరుగా వేస్తే నీళ్లు వదిలి పిజ్జా బురదవుతుంది. ఉప్పు, పసుపు, కారం పట్టించి పెనం మీద ఒక నిమిషం వేయించి, నీరు వడగట్టి, ఓవెన్‌లో సగం కాలాక పైన వెయ్యి. మొదటినుంచీ ఉంచితే రబ్బరు.

భీమవరం_ఓవెన్
14 డిసెంబర్, రాత్రి 11:40

నవంబర్ 10 నుంచి డిసెంబర్ 10 దాకా లెక్క పంతులు గారి పద్ధతిలోనే రాశాను. రోజుకు సగటున 17, నేరుగా 10, యాప్‌లో 7. ఖర్చులన్నీ పోను 1,400 మిగిలింది. వెయ్యీ నాలుగు వందలే. కానీ పోయిన ఏడాది మే తర్వాత చేతి డబ్బు వెయ్యని నెల ఇదే. రేటింగ్ 4.1 అయింది. కార్తీకం వెళ్లాక సోమవారాలు మళ్లీ 12కి పడ్డాయి, అక్కడ ఏం చెయ్యాలో ఇంకా తోచలేదు. అక్క బంగారం ఎప్పటికి విడిపిస్తానో అదీ తెలియదు. ఇవాళ ఆదివారం 31 అమ్మి, పిండి అయిపోయి 9:40కే షట్టర్ దించాం. ఇద్దరిని వెనక్కి పంపాల్సొచ్చింది.

లెక్కల_పంతులు
15 డిసెంబర్, ఉదయం 7:10

ఆ ఇద్దరి నంబర్లు రాసుకున్నారా?

భీమవరం_ఓవెన్
15 డిసెంబర్, ఉదయం 7:32

రాసుకున్నాను మాస్టారూ. ఇవాళ వాళ్లకు ముందు ఫోన్ చేసి, ఆ తర్వాతే పిండి తీస్తాను.

గూడెం_సాయి
15 డిసెంబర్, ఉదయం 10:18

ఇప్పుడే మొత్తం చదివాను. తాడేపల్లిగూడెం నుంచి అడుగుతున్నా, రొయ్యల పిజ్జా పార్సిల్ తీసుకుంటే ఇక్కడిదాకా తట్టుకుంటుందా?

భీమవరం_ఓవెన్
15 డిసెంబర్, ఉదయం 10:45

తట్టుకోదు అండి. పార్సిల్ ఇవ్వను. వచ్చి ఇక్కడే కూర్చుని తినండి, తలుపు తీసే ఉంటుంది.